తప్పుకునే జాగా

ఆదివారం తెల్లవారకముందే ఆ ఇంట్లో లైట్లు వెలిగాయి. మామూలుగా ఆ వేళకు అక్కడ లైటు వెలిగిందంటే ఇంటాయనకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందని వీధిలో అందరికీ తెలుసు. ఆయన అంబులెన్స్ డ్రైవరు. పదమూడేళ్ళుగా అదే పని. ఆ రోజు మాత్రం ఫోను రాలేదు. ఇద్దరు తోటి డ్రైవర్ల డ్యూటీలు తన నెత్తిన వేసుకుని, ఏడు వారాలు అడిగి అడిగి తెచ్చుకున్న సెలవది. భార్య, పదేళ్ళ కూతురు, భార్య తమ్ముడు, తాను, నలుగురూ కొండల మీది పల్లెలూ పూలతోటలూ చూసి చీకటిపడే వేళకు ఇల్లు చేరాలని అనుకున్నారు.

"ఒక్క షరతు," అంది భార్య, డబ్బాల్లో రొట్టెలూ ఉడికించిన గుడ్లూ సర్దుతూ. "ఈ ఒక్కరోజు మిమ్మల్ని ఎవరు పిలిచినా పలకడానికి వీల్లేదు. ఫోను కారులోనే పెట్టెయ్యాలి. మీ జేబులో కనిపించిందంటే ఉన్నచోటే దిగి నడిచొచ్చేస్తాను."

"నడిచొస్తే పెట్రోలైనా మిగులుతుందిలే."

"నవ్వుతాలు కాదు. పిల్ల పుట్టినరోజుకి దాన్ని కేకు ముందు నిలబెట్టి, కత్తి చేతికిచ్చి, ఇప్పుడే వస్తానని వెళ్ళారు. వచ్చేసరికి కేకు అయిపోవడమే కాదు, పళ్ళేలు కూడా కడిగేశాం."

అతను రెండు చేతులూ ఎత్తాడు. ఆమెను తప్పుపట్టడానికి మనకు నోరు రాదు. మొగుణ్ణి ఊరందరికీ పంచిపెట్టి తాను మిగిలింది సర్దుకునే ఇల్లాలు ఏడాదికి ఒక్కరోజు అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు.

కారు బావమరిదిది. తెల్లది, ఎవరో వాడిందే అయినా నిగనిగలాడుతోంది. అతను సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. లోకంలోని జ్ఞానమంతా తన అరచేతిలోనే ఉందని అతని నమ్మకం. కారు తనదే అయినా కొండదారిలో నడపడానికి గుండె చాలక తాళాలు బావ చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"పోనీ, సైరన్ బావా! ఇవాళైనా పేషెంటు లేకుండా నడుపు," అన్నాడు. 'సైరన్ బావ' అన్న పేరు అతను పెట్టిందే. భోజనం చేస్తున్నా, పడుకున్నా, ఆ మనిషి చెవులు మాత్రం నిక్కపొడుచుకునే ఉంటాయని.

ఊరి పొలిమేరలో ఒక రొట్టెల దుకాణం ముందు రోడ్డుకి అడ్డంగా కారొకటి నిలిపి ఉంది. లోపల మనిషి లేడు. డ్రైవరు హారను కొట్టాడు. చేతిలో పొట్లంతో దుకాణంలోంచి ఒకాయన తీరిగ్గా వచ్చి, "వస్తున్నానుగా, ఒక్క నిమిషం!" అని విసుక్కున్నాడు.

అంతే, మన డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది. "చూశావా? వీడికి ఒక్క నిమిషమే. నా బండిలో వెనకాల పడుకున్నవాడికి ఆ ఒక్క నిమిషమే మిగిలి ఉంటుంది. పోయిన నెల ఇలాగే, ఇరుకు సందులో ఒకడు బండి పెట్టి క్షవరానికి కూర్చున్నాడు. సగం గడ్డం నురగతో ఉండగా లాక్కొచ్చాను. 'నాకెలా తెలుస్తుందండీ' అంటాడు! తెలియకపోవడం ఏమిటి? కళ్ళున్నాయిగా?"

"నాన్నా, సెలవు!" అని వెనక సీట్లోంచి కూతురు గుర్తుచేసింది. అందరూ నవ్వారు. అతనూ నవ్వేసి, ఫోను తీసి డ్యాష్‌బోర్డు అరలో పడేసి మూత వేశాడు.

కొండ మొదలైన దగ్గర్నుంచి అందరూ కిటికీలకే అతుక్కుపోయారు. ఒక మలుపు తిరిగితే కింద లోయంతా మంచు, మరో మలుపు తిరిగితే ఎండ. కొండవాలు మీద మెట్లు మెట్లుగా చేలు, వాటి మధ్య రాతి పలకల కప్పుల ఇళ్ళు, ప్రతి కిటికీ కింద ఒక పూలతొట్టి. మొదటి పల్లెలో పండ్లతోట చూశారు. రెండో పల్లెలో ఇంటి అరుగు మీద గింజలు ఆరబోసుకుంటున్న ముసలమ్మను బావమరిది నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాడు. ఆమె తలెత్తి చూసి, కొంగు సరిచేసుకుని, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"అయ్యో, బాగా కూర్చుంది, వెళ్ళిపోయిందే!" అన్నాడతను. ఆవిడ తన ఇంటి ముందు కూర్చుందనీ, అతని కోసం కూర్చోలేదనీ అతనికి తట్టలేదు. సెలవురోజున కొండెక్కే మనలో ఎందరికి తడుతుంది? వాళ్ళ వాకిళ్ళు మన కంటికి బొమ్మలైపోతాయి. బొమ్మలో మనుషులకు పనులుంటాయని ఎవరు అనుకుంటారు?

మూడో పల్లె దగ్గర పెద్ద పూలతోట ఉంది. అసలు వాళ్ళు బయలుదేరిందే దానికోసం. తీరా వెళ్ళేసరికి కార్లు నిలిపే మైదానం కిక్కిరిసిపోయి, కాపలావాడు చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. డ్రైవరు కారు ఆపకుండా పైకి పోనిచ్చాడు. రోడ్డు సన్నం. ఒకవైపు కొండ గోడ, రెండోవైపు లోయ. రెండు చిన్న కార్లు ఎదురుపడితే అద్దాలు మడుచుకుని, ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాలి. అలా ఒక మైలు ఎక్కాక మెలిక తిరిగే మలుపులో, లోయవైపు, విశాలమైన ఖాళీ జాగా కనిపించింది. అంచున మోకాలెత్తు రాతిగోడ. దానికి సున్నపు చారలు. గోడ ముందు పెద్ద చెక్క చట్రం, గులాబిరంగు వేసి, పైన గుండె బొమ్మతో. అందులో నిలబడితే వెనక లోయంతా ఫోటోలో పడుతుంది. ఆ పక్కనుంచే తోట వెనక గేటుకి మెట్లు దిగుతున్నాయి.

"ఇంత రద్దీలో ఇక్కడ ఒక్కడూ బండి పెట్టలేదేమిటి?" అన్నాడు డ్రైవరు, వేగం తగ్గిస్తూ.

"మన అదృష్టం బావా! తిప్పెయ్ తిప్పెయ్, ఇంకోడొచ్చేస్తాడు."

ఆ క్షణంలో అతనికి ఏదో అనుమానం తగిలింది. పదమూడేళ్ళు స్టీరింగు పట్టిన చెయ్యి ఊరికే ఆగదు. కానీ వెనకనుంచి కూతురు చట్రాన్ని చూసి కేరింతలు కొట్టింది. భార్య ముఖం వెలిగిపోయింది. అతను కారును జాగాలోకి తిప్పి, చక్రాలు గోడవైపు మలిచి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగాడు. కొండమీద బండి జారకుండా మంచి డ్రైవరు చేయవలసిన పనులన్నీ చేశాడు. తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

చదువుతున్నవారికి ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ జాగా దృశ్యాలు చూడటానికి కట్టింది కాదు. బస్సు ఎక్కే వేళకు పైనుంచి మరో పెద్ద బండి దిగితే, బస్సు అందులోకి ఒదిగి దారి ఇస్తుంది. బండి వెనక్కి తిప్పుకోవాలన్నా అదే చోటు. పల్లెవాళ్ళు దాన్ని 'తప్పుకునే జాగా' అంటారు. దాని తర్వాత అలాంటి జాగా మళ్ళీ అరమైలు పైన గాని లేదు. సున్నపు చారల రాళ్ళు ఆ గుర్తే. పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా అది తెలుసు. అక్కడ సైకిలు ఆనించినా పెద్దవాళ్ళు కేకలేస్తారు. గులాబిరంగు చట్రం మాత్రం పర్యాటక కార్యాలయం వారు పోయిన ఏడాది తెచ్చి పాతారు. తీసెయ్యమని ఊరివాళ్ళు మూడు అర్జీలు పెట్టుకున్నారు. మూడింటికీ అందినట్టు రసీదులు వచ్చాయి.

ఫోటోలు తీసుకుని నలుగురూ మెట్లు దిగారు. తోట నిజంగానే అద్భుతంగా ఉంది. రంగు రంగుకీ ఒక మడి, మడి మడికీ మధ్య నీటి కాలవ, చెట్ల కొమ్మల్లో దాచిన స్పీకర్ల నుంచి పాటలు. చిన్న జలపాతం పక్కన గడ్డిలో దుప్పటి పరచుకున్నారు. డ్రైవరు బూట్లు విప్పేసి వెల్లకిలా పడుకున్నాడు. ఎన్నాళ్ళకో అతని చెవులకు కూడా సెలవు దొరికినట్టయింది.

వాళ్ళు దుప్పటి పరిచే సమయానికే పై పల్లె నుంచి ఒక జీపు దిగుతోంది. వెనక సీట్లో ఒక యువతి పడుకుని ఉంది. ఇంకా రెండు వారాలు ఉందనుకున్న కాన్పు ఆ ఉదయమే ఇంట్లో అయిపోయింది. బిడ్డ బాగానే ఉంది, ఆడపిల్ల. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్త చూసి, నా చేతిలో లేదు, వెంటనే కిందికి తీసుకెళ్ళమంది. కింద ఊళ్ళో ఆసుపత్రి ఉంది. నలభై నిమిషాల దారి. యువతి తల ఒడిలో పెట్టుకుని భర్త, పొత్తిళ్ళలో పసిదాన్ని పట్టుకుని అత్తగారు. అటునుంచి సందర్శకులతో నిండిన బస్సు ఎక్కుతోంది. మలుపు దగ్గర రెండూ ముఖాముఖి అయ్యాయి.

బస్సు డ్రైవరు అలవాటు ప్రకారం జాగాలోకి ఒదగబోయి బ్రేకు తొక్కాడు. తెల్ల కారు!

వెనక్కి పోదామంటే బస్సు వెనక ఎనిమిది కార్లు, అన్నీ కొండకి కొత్తవి. జీపు వెనక మరో ఆరు. వెనక్కి నడపమంటే లోయ చూసి భయపడేవాళ్ళే అందరూ. రోగిని మోసుకుని బస్సు దాటించి మరో కారు ఎక్కిద్దామంటే, ఆ కారు తిప్పుకోవడానికి మళ్ళీ ఇదే జాగా కావాలి. పదిమంది చేరి తెల్ల కారును ఎత్తి పక్కకు జరపబోయారు. గేరులో ఉంది, బ్రేకు వేసి ఉంది, చక్రాలు గోడకు మలిచి ఉన్నాయి. జానెడు జరిగి మొరాయించింది.

జీపు డ్రైవరు రాయి తీశాడు. "అద్దం పగలగొడతా!"

"వద్దురా!" అని ఊరివాళ్ళే అతని చెయ్యి పట్టుకున్నారు. పోయిన సీజన్లో ఇలాగే ఎవరి కారుదో అద్దం పగిలితే ఇద్దరు కుర్రాళ్ళు పది రోజులు స్టేషన్లో ఉన్నారు. పేదవాడికి రాయి విసరాలన్నా ముందు వెనకలు చూసుకోవలసిన రోజులివి. "బండాయన తోటలోనే ఉంటాడు, పిలుచుకొస్తే సరిపోతుంది," అన్నారు. అలా అనుకోవడమే వాళ్ళు చేసిన పొరపాటు. పిలిస్తే మనిషి వస్తాడని నమ్మారు.

భార్య తలను తన తల్లి ఒడిలోకి మార్చి, ఆ యువతి భర్త మెట్ల వెంట పరుగెత్తాడు.

కింద దుప్పటి మీద రొట్టెలు పంచుకుంటున్నారు. పైనుంచి బస్సు హారను పాటల మధ్య సన్నగా వినిపించింది. "కొండెక్కినా ఈ హారన్లు తప్పవు," అన్నాడు బావమరిది. అప్పుడే ఇరవై అడుగుల దూరంలో, పూలమడుల మధ్య నుంచి ఒకతను రొప్పుతూ వచ్చాడు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి.

"సార్, తెల్ల కారు ఎవరిది సార్? పైన మలుపులో పెట్టిన తెల్ల కారు... తియ్యాలి సార్, తొందరగా..."

నూటయాభై మెట్లు పరుగున దిగినవాడి నోట రెండు ముక్కల కంటే ఎక్కువ రావు. ఆ రెండు ముక్కలే వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకాయన, "మాదీ తెల్లదే గాని మైదానంలో ఉంది," అన్నాడు. ఇంకొకావిడ తల అడ్డంగా ఊపింది.

"నాన్నా, మనదే కదా?" అంది కూతురు.

"ష్!" బావమరిది గొంతు తగ్గించాడు. "పలక్కండి. నేను చదివాను. ఈ కొండల మీద ఇదొక మోసం. కారు తియ్యాలని పిలుస్తారు, పైకి వెళ్ళాక పార్కింగ్ డబ్బులని పట్టుకుంటారు."

డ్రైవరు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. అలాంటి గొంతు అతనికి కొత్త కాదు. ఇళ్ళ గుమ్మాల్లో, రోడ్ల పక్కన, రోజూ వినే గొంతే. అతని కాళ్ళు బూట్ల కోసం వెతికాయి కూడా. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది.

"తిని వెళ్దురుగాని. పదినిమిషాల్లో మునిగిపోయేదేముంది? నాకు మాటిచ్చారు."

అతను ఆమె ముఖం చూశాడు. చేతిలో సగం తుంచిన రొట్టె ఉంది. ఏడాది పొడవునా మొదటి పిలుపుకే లేచి పరుగెత్తినవాణ్ణి, ఈ ఒక్కసారి లేవకపోతే కొంపలేమీ అంటుకోవని సర్దిచెప్పుకున్నాడు. రొప్పుతున్న మనిషి వాళ్ళ వైపు కూడా ఒకసారి చూశాడు. డ్రైవరు చూపు తిప్పుకుని జలపాతం వైపు చూశాడు. ఆ మనిషి తర్వాతి మడి వైపు పరుగెత్తాడు.

పిల్ల రొట్టె తినడం మానేసి తండ్రి వైపే చూస్తూ కూర్చుంది.

ఆ భర్త తోట ముందు గేటుదాకా వెళ్ళి, సంగతంతా చెప్పి, మైకులో పిలవమని టిక్కెట్లమ్మే అతన్ని బతిమాలాడు. పాటల గదికి తాళం ఉంది, తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు భోజనానికి వెళ్ళాడు. టిక్కెట్ల అతను మంచివాడే. కిటికీ మూసేసి, అతనితోపాటు తానూ కేకలు వేస్తూ తోటంతా తిరిగాడు. పాటలు వాళ్ళ కేకల్ని మింగేశాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. అక్కడ పిల్లికి తాను పిల్లినన్న సంగతైనా తెలియదు.

తినడం అయింది. డబ్బాలు కడిగారు. దుప్పటి దులిపి మడిచారు. మెట్లెక్కుతుంటే సగం దూరంలో పాటలు వెనకబడి, పైన జనం గోల, దానిమీదుగా ఆపకుండా మోగుతున్న హారను వినబడ్డాయి. డ్రైవరు తలెత్తి చూశాడు. అడ్డంగా నిలిచిన బస్సు ముందుభాగం, దాని ఎదురుగా జీపు, జీపు వెనక తలుపు తెరిచి, బయటికి వేలాడుతున్న దుప్పటి అంచు. ఆ అంచు తడిసి ఉంది.

ఇక అతనికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. చేతిలోని సంచి మెట్ల మీద పడేసి పరుగెత్తాడు.

జనం తిట్టారు. ఎవరో చొక్కా పట్టుకున్నారు. అతను వినలేదు. జీపు పక్కనుంచి వెళ్తూ ఒక్కసారి లోపలికి చూశాడు. పెదవులకీ చెంపలకీ తేడా లేని ఆ తెలుపు అతను చాలాసార్లు చూశాడు. అలా తెల్లబడ్డ మనిషికి ఎంత సమయం ఉంటుందో కూడా అతనికి తెలుసు. తాళం తీసి కారులో కూర్చున్నాడు. కారు బయటికి తీశాడు. బస్సు జాగాలోకి ఒదిగింది. జీపు ముందు తెల్ల కారు పెట్టి, నాలుగు దీపాలూ వెలిగించి, అరచెయ్యి హారను మీంచి తియ్యకుండా కొండ దిగాడు. ఎదురొచ్చిన ప్రతి కారునూ కిటికీలోంచి సగం బయటికి వంగి, "తప్పుకోండి, తప్పుకోండి!" అని అరుస్తూ గోడకు తోసినంత పని చేశాడు. అద్దాలు రెండూ రాసుకుని విరిగిపోయాయి. జీవితంలో ఎప్పుడూ అంత బాగా నడపలేదు. నలభై నిమిషాల దారి ఇరవై ఆరు నిమిషాల్లో దించాడు.

ఆసుపత్రి చిన్నది. ఒక వరండా, చివర ఒక గది, ఆకుపచ్చ తెర. స్ట్రెచరు ఒకవైపు అతనే పట్టి, నాడి చూసి, కాన్పు ఎప్పుడైందో అత్తగారిని అడిగి తెలుసుకున్నాడు. నర్సును చూడగానే అలవాటుగా నోటినుంచి మాటలు దొర్లాయి: "కాన్పు పొద్దున పదిన్నరకి, ఇంట్లో. రక్తం ఆగలేదు. నాడి దొరకడం లేదు. రక్తం ఎక్కించాలి."

"మీరెవరు?"

"అంబులెన్స్ డ్రైవర్ని."

పక్కనే ఉన్న యువతి భర్త తలతిప్పి అతన్ని చూశాడు. తెర మూసుకుంది.

అవతల ఎవరెవరో పరుగెత్తిన చప్పుడు. ఇనప గిన్నె కిందపడ్డ చప్పుడు. వరండాలో బెంచీ మీద అత్తగారు పసిదాన్ని ఊపుతూ కూర్చుంది. ఆకలికి అది ఏడుస్తోంది. తనకు పాలివ్వవలసిన మనిషి తెర వెనక ఉందని దానికేం తెలుసు? డ్రైవరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇలాంటి వరండాల్లో వేలసార్లు నిలబడ్డాడు గాని, అప్పుడు అతను రోగిని తెచ్చినవాడు. ఇప్పుడు అతను ఏమిటో అతనికే తెలియలేదు. తెర కింద కదిలే చెప్పుల్ని చూస్తూ ఉండిపోయాడు.

పావుగంటకు నర్సు బయటికొచ్చింది. పెద్దామె. చేతులు తుడుచుకుంటూ ముగ్గురినీ చూసి, ఎవరితో చెప్పాలో తేల్చుకోలేక నేలకేసి చెప్పింది.

"ఒక్క అరగంట ముందు తెచ్చి ఉంటే నిలబెట్టేవాళ్ళం."

ఆ మాట మన డ్రైవరు ఎన్నోసార్లు విన్నాడు. విన్నప్పుడల్లా దారికి అడ్డం పెట్టినవాణ్ణి మనసులో నరికి పోగులు పెట్టేవాడు. ఇప్పుడు లెక్క కట్టుకోవడానికి వేళ్ళు కూడా అక్కర్లేకపోయింది. ఆ మనిషి మడుల మధ్య నిలబడి అడిగినప్పటినుంచి, తాము దుప్పటి మడిచి మెట్లెక్కేదాకా, అరగంటకు పైనే.

అప్పటికి, జీపు వెనక ఆగిన కార్లలో ఒకదాన్ని పట్టుకుని భార్య, కూతురు, బావమరిది వచ్చారు. వరండాలో అడుగుపెట్టగానే సంగతి అర్థమై భార్య నోటికి కొంగు అడ్డుపెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. బావమరిది చేతిలో ఫోను ఉంది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ మార్చుకుంటున్నాడు. పిల్ల వచ్చి తండ్రి చొక్కా పట్టుకుంది.

యువతి భర్త లేచి వచ్చి డ్రైవరు ఎదురుగా నిలబడ్డాడు. అతని గొంతులో కోపం లేదు, అరిచి అరిచి బొంగురుపోయింది.

"నేను తోటలోకి వచ్చి అడిగాను సార్. మీరప్పుడు అక్కడ ఉన్నారా? విన్నారా?"

తప్పించుకోవడానికి మాటలు లేకపోలేదు. ముందు గేటు దగ్గర ఉన్నామనవచ్చు. పాటల్లో వినబడలేదనవచ్చు. నిజం తెలిసినవాళ్ళు నలుగురే, నలుగురూ ఇంటివాళ్ళే. డ్రైవరు కిందికి చూశాడు. కూతురు కళ్ళార్పకుండా తననే చూస్తోంది.

"ఉన్నాను," అన్నాడు. "విన్నాను. పలకలేదు."

"అంబులెన్స్ నడుపుతానన్నారు. మరి మీకు తెలుసు గదా సార్!"

గుమ్మం దగ్గర్నుంచి డ్రైవరు భార్య, "నేనే... నేనే ఆపాను బాబూ, ఆయన లేచారు, నేనే..." అని ఏడ్చింది. యువతి భర్త ఆమె వైపు చూడలేదు. అతని పిడికిలి బిగిసి పైకి లేచింది. డ్రైవరు ముఖం తిప్పుకోలేదు. ఆ దెబ్బ పడితే బాగుండునని, పడాలని, అతను నిజంగా కోరుకున్నాడు.

"ఆగరా," అంది అత్తగారు బెంచీ మీంచి. కొడుకు చెయ్యి గాల్లోనే ఆగి, బరువుగా కిందికి వాలిపోయింది. అతను తెర వైపు వెళ్ళిపోయాడు.

డ్రైవరు ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. "అమ్మా, నేనేం చెయ్యాలో చెప్పు. ఏం చెయ్యమన్నా చేస్తాను."

"ఏం చేస్తావు బాబూ? నువ్విప్పుడు చెయ్యగలిగింది ఏం లేదు. మేమూ ఏం చెయ్యలేం." ఆవిడ పసిదాని నోటికి తన చిటికెనవేలు అందించింది. "నిన్ను చూస్తే చెడ్డవాడిలా లేవు. చెడ్డవాడివైతే నోరారా తిట్టుకుని ఊరటపడేదాన్ని. నీలాంటి మంచివాళ్ళే వారం వారం వస్తారు. మా కిటికీలు చూస్తారు, మా పూలు చూస్తారు, పిల్లల్ని ఎత్తుకుని ముద్దు చేస్తారు. మా దారి మాత్రం ఎవరికీ కనబడదు. మూడుసార్లు అర్జీలు పెట్టాం, ఆ చట్రం తీసెయ్యమని. ఎవరూ రాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ ఎవరో ఒకరు అక్కడ బండి పెట్టి ఫోటో దిగుతారు, నేను చూస్తూ ఊరుకోవాలి. ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపలేను. ఒక్కొక్కరికీ చెప్పుకోలేను."

బిడ్డ మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. నర్సు పాలసీసా తెచ్చి ఇచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది. అంబులెన్స్ డ్రైవరు వెక్కి వెక్కి ఏడుస్తుంటే, కూతురు అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. అంతకంటే ఏం చెయ్యాలో ఆ పిల్లకూ తెలియలేదు.

అత్తగారు సీసా బిడ్డ నోటికి పెట్టి, అతని వైపు చూడకుండానే అంది:

"మీ ఊరు వెళ్ళి నీ తోటివాళ్ళకి చెప్పు బాబూ, మీరు చూడ్డానికి వచ్చే ఊళ్ళో కూడా మనుషులు పుడుతుంటారు, చస్తుంటారు, దారిలో ఒక జాగా ఖాళీగా కనిపిస్తే అది మీ కోసం ఉంచింది కాదు, ఎవరో ఒకరు ప్రాణాలతో దాటడానికి ఉంచుకున్నది."